ఫైలు ఫుల్లు, దర్వాజా బంద్

అద్దె ఇంటికి తయారుగా వెళ్లమని అందరూ మనకు నసీహత్ చేస్తారు. ఆధార్ జిరాక్స్, జీతం స్లిప్పులు, పాత ఓనరు ఫోన్ నెంబరు, చేతిలో అడ్వాన్సు. మంచి మాటే. కానీ ఆ ఫైలు తెరిచేదాకా మనల్ని గడప దగ్గర నిలబడనిస్తే కదా! ముందు అడిగేది పేరు. పేరు చెప్పగానే, “మా బావమరిది దిగుతున్నాడండీ” అంటారు.

బందరు, గుడివాడ, అవనిగడ్డ... ఎక్కడికెళ్లినా ఎంతమంది బావమరుదులో! వారం తర్వాత చూసినా టు-లెట్ బోర్డు అక్కడే ఉంటుంది.

రెండో బహానా నీసు. దివిసీమలో చేప, రొయ్య దిగని వంటిల్లు ఎన్ని ఉన్నాయి? ఆదివారం తనింట్లో కోడి కూర ఉడుకుతుంటే, మన గిన్నెలో గోష్త్ మాత్రం వాసనొస్తుందా? అడ్డం కూర కాదు భాయ్, కలిమా.

ఖానూన్ ఏం చేస్తోంది? రాజ్యాంగం 15వ అధికరణం సర్కారు వివక్ష చూపకూడదంది. దుకాణాలు, హోటళ్లు, బావుల దగ్గర ఎవరినీ ఆపకూడదంది. అద్దె ఇల్లు ఆ జాబితాలో లేదు. 2005లో అహ్మదాబాద్ పార్సీల హౌసింగ్ సొసైటీ కేసులో, సభ్యత్వం తమవాళ్లకే అనే నియమాన్ని సుప్రీంకోర్టు ఒప్పుకుంది. ముస్లింలకు అద్దె ఇల్లు దొరకడం ముష్కిల్ అవుతోందని 2006లో సచార్ కమిటీ రాసింది. అయినా 2021 నమూనా అద్దె చట్టం ఇంటి అడ్వాన్సు రెండు నెలల అద్దె దాటకూడదంది గానీ, మతం చూసి తలుపేస్తే తప్పని అనలేదు.

అమెరికాలో మతం చూసి ఇల్లు నిరాకరించడం 1968 నుంచే చట్టవిరుద్ధం. మన జిల్లా పిల్లలు అక్కడ ఆ ఖానూన్ నీడలోనే అద్దెకుంటున్నారు. ఇక్కడ వాళ్ల అమ్మానాన్నలే “సాయిబులకు ఇవ్వం” అంటే, ఇది ఏం ఇన్సాఫ్?

ఇక మన మొహల్లా సంగతి. బయట దొరకదని తెలిసి మన మజ్బూరీ మీదే అద్దె పెంచే మన ఓనర్లు లేరా? దూదేకుల కుటుంబం వస్తే ముఖం చిట్లించేవాళ్లు, దళిత టీచరు వస్తే “ఖాళీ లేదు” అనేవాళ్లు లేరా? జుమాకి మొదటి సఫ్‌లో నిలబడి, ఇంటికొచ్చి అదే జుల్మ్ చేస్తే, ఎదుటివాడిని నిలదీసే హక్ మనకెక్కడిది?

ఫైలు తయారు చేసుకుందాం. ఓనరు దయ కోసం కాదు, మన హిఫాజత్ కోసం. అగ్రిమెంటు రాతలో ఉండాలి. అడ్వాన్సుకు రసీదు, అద్దె బ్యాంకు ద్వారా, దిగిన రోజు కరెంటు మీటరు ఫొటో. ఖాళీ చేయాలంటే ఎన్ని నెలల నోటీసో కాగితం మీద ఉండాలి. రాయకపోతే, నెలవారీ అద్దెకు చట్టం ఇచ్చే గడువు పదిహేను రోజులే. పిల్లల స్కూలు మధ్యలో సామాను రోడ్డు మీదికొస్తే, ఆ పదిహేను రోజులు దేనికి చాలతాయి?

మస్జిద్ కమిటీలు ఖాళీ ఇళ్ల జాబితా పెట్టాలి, అది అన్ని కులాలవాళ్లకూ తెరిచి ఉండాలి. ఓట్ల కోసం ఇంటికొచ్చిన లీడర్‌ని ఒక్క సవాల్ అడగాలి: పేరు చూసి ఇల్లివ్వకపోవడం తప్పని అసెంబ్లీలో చట్టం తెస్తావా, లేదా?

1977 నవంబరు 19న దివిసీమ మీదికొచ్చిన ఉప్పెన ఎవరి పేరూ అడగలేదు. ఈ నేల మీద అందరి మయ్యత్‌లూ పక్కపక్కనే పడ్డాయి. చావులో కలిసినవాళ్లం, ఒక పోర్షన్‌లో పక్కపక్కన బతకలేమా?