రిపోర్టు కింద మన సంతకం కూడా ఉండాలి



నారాయణగూడలో ఉండి చదువుకునే మన దినచర్య అందరికీ తెలిసిందే. మెస్‌లో టిఫిన్ చేసి చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీకి ఉరికి సీటు పట్టుకోవడం, సాయంత్రం అశోక్‌నగర్‌లో నోట్స్ జిరాక్స్ తీయించుకోవడం. గ్రూప్స్, ఎస్సై, కానిస్టేబుల్, డీఎస్సీ... ఈ నాలుగు మాటలు తప్ప ఐదో మాట మనకు ఎవరూ చెప్పరు. ఆ ఐదో మాట ఫోరెన్సిక్ సైన్స్ కావాలని మేము అంటున్నాం.

మేము ఉస్మానియాలో ఎం.ఎస్సీ. ఫోరెన్సిక్ సైన్స్ చదువుతున్నాం. మా ఇంట్లో డిగ్రీ పాసైన మొదటివాళ్లం మేమే. సీటు వచ్చిందంటే అమ్మ సంతోషపడలేదు. "శవాల కాడ పని మనోళ్లు తరతరాలుగా చేస్తనే ఉన్నరు. అది తప్పాలనే గద బిడ్డా బడికి తోలింది" అన్నది.

ఆ మాటకు జవాబు వెతకడానికి మాకు ఏడాది పట్టింది. పోస్ట్‌మార్టం డాక్టర్ల పని. ల్యాబ్‌లో చూసేది రక్తపు మరక, విషం, డీఎన్ఏ, వేలిముద్ర, చేతిరాత, తూటా, సెల్‌ఫోన్. అయినా అమ్మ చెప్పింది అబద్ధం కాదు. మార్చురీలో కోసి కుట్టే చేతులు ఎక్కువగా మనవాళ్లవే, కానీ రిపోర్టులో వాళ్ల పేరు ఉండదు. వేలిముద్రల చరిత్రలోనూ ఇదే జరిగింది. 1897లో కలకత్తాలో ప్రపంచంలోనే మొదటి వేలిముద్రల బ్యూరో వచ్చింది. వర్గీకరణ కోసం కష్టపడినవారు అజీజుల్ హక్, హేమచంద్ర బోస్. పేరు మాత్రం పై అధికారి హెన్రీకి దక్కింది.

ఇది కేవలం ఉద్యోగం మాట కాదు. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది దళితులను చంపి, గోనెసంచుల్లో కుక్కి కాలువలో పడేశారు. 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవ శిక్ష వేసింది. 2014 ఏప్రిల్‌లో హైకోర్టు అందరినీ విడుదల చేసింది. హత్యల సమయం, స్థలం, చంపినవారెవరన్నది రుజువు కాలేదన్నది. ల్యాబ్ ఒక్కటి బాగుంటే న్యాయం జరిగేదని మేము అనం. కానీ సమయం, స్థలం, మనిషి... ఈ మూడింటినీ తేల్చడమే కదా మా చదువు! బలహీనుల కేసులో సాక్షి భయపడవచ్చు, మాట మార్చవచ్చు. మరక మాట మార్చదు. దాన్ని సకాలంలో, సరిగ్గా సేకరించేవారు ఉండాలి.

2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత ప్రకారం ఏడేళ్లు, ఆపైన శిక్షపడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణులు ఘటనాస్థలికి వెళ్లాలి. ఏర్పాట్లకు రాష్ట్రాలకు ఐదేళ్ల వరకు గడువు ఉంది. అంటే జిల్లా జిల్లాకు మనుషులు కావాలి. రెడ్‌హిల్స్‌లో రాష్ట్ర ల్యాబ్, రామంతాపూర్‌లో కేంద్ర ల్యాబ్, ఉప్పల్‌లో డీఎన్ఏ కేంద్రం సీడీఎఫ్‌డీ మనకు సిటీ బస్సు దూరంలోనే ఉన్నాయి. మన హాస్టల్ నుంచి వాటిని చూసివచ్చినవారు ఎంతమంది?

అయితే తమ్ముళ్లూ, ఒక హెచ్చరిక. నోటిఫికేషన్లు ఏటా రావు. ఇంట్లో కూర్చుని నెలలో పూర్తిచేసే సర్టిఫికెట్లకు డబ్బు పోయకండి. బి.ఎస్సీ.లో కెమిస్ట్రీ, జువాలజీ, ఫిజిక్స్ గట్టిగా చదవండి. ప్రాక్టికల్స్ ఎగ్గొట్టకండి.

ప్రభుత్వానికి మా విన్నపం ఒక్కటే. అమెరికాలో కమ్యూనిటీ కాలేజీలు ఊరికి దగ్గరలో, తక్కువ ఫీజుతో, రెండేళ్ల ఫోరెన్సిక్ కోర్సు నడుపుతున్నాయి. మన జిల్లా ప్రభుత్వ డిగ్రీ కాలేజీల్లోనూ అలాంటి కోర్సు పెట్టాలి, స్కాలర్‌షిప్ వర్తింపజేయాలి. పూర్వ విద్యార్థులైన అన్నలకు కూడా ఒక మాట. ఈ ఏడాది లైబ్రరీకి పోటీ పరీక్షల పుస్తకాలతో పాటు ఒక మంచి మైక్రోస్కోపు ఇప్పించండి.

అమ్మకు మా జవాబు ఇదే. తరతరాలుగా ఆ పని మనమే చేశాం. ఇకమీద రిపోర్టు కూడా మనమే రాస్తాం. కింద మన పేరుతో సంతకం పెడతాం.