మా అమ్మాయి జపాన్ బొమ్మల పుస్తకం

మా అమ్మాయి పదో తరగతి పరీక్షలకు ముందు నేనో పని చేశాను. దాని బొమ్మల పుస్తకాలు మూడూ తీసి అటక మీద పాత జాడీల వెనక దాచేశాను. "సినిమా చూశావుగా, మళ్ళీ అదే కథ పుస్తకంలో దేనికి?" అన్నాను. ఉడికిన అన్నాన్ని మళ్ళీ ఎసట్లో పోయడంలా అనిపించింది నాకు. అది ఏడవలేదు, పోట్లాడలేదు. మూడు రోజులు నాతో మాట్లాడలేదంతే.

నాలుగో రోజు మధ్యాహ్నం ఎవరూ లేనప్పుడు నేనే స్టూలు వేసుకుని ఆ పుస్తకాలు దించి చదివాను. అందుకే ఇది రాస్తున్నా.

కథ పేరు 'యువర్ నేమ్'. మకోటో షింకాయ్ అనే ఆయన తీసిన యానిమే, అంటే బొమ్మల సినిమా. 2016లో వచ్చింది. జపాన్‌లో చాలాసార్లు ముందు మాంగా పుస్తకం వస్తుందట, అది జనానికి నచ్చాక సినిమా తీస్తారట. ఇక్కడ తిరగబడింది. సినిమా కథనే రన్మారు కొటోనె బొమ్మలతో మూడు భాగాల మాంగాగా వేశారు. అందుకే మా పిల్ల స్నేహితుల దగ్గర పుస్తకానికి విలువ లేదు. రంగుల్లేవు, పాటల్లేవు, ఉత్త నకలు అంటారు. నేనూ అదే అనుకున్నా.

కొండల్లో ఉండే మిత్సుహా అనే అమ్మాయి, టోక్యోలో ఉండే టాకీ అనే అబ్బాయి. నిద్ర లేచేసరికి ఆమె అతని ఒంట్లో, అతను ఆమె ఒంట్లో ఉంటారు. ఆ ఊరి మీదికి ఒక తోకచుక్క ముక్క రాబోతుంటుంది. సినిమా గంటా ముప్పావు. అందులో నేను చూసింది సగమే. నాది పల్లెటూరి తెలుగు మీడియం చదువు. కింద ఇంగ్లీషు అక్షరాలు చదివేలోపు పైన బొమ్మ వెళ్ళిపోతుంది. బొమ్మ చూస్తే అక్షరాలు వెళ్ళిపోతాయి. ఒకరి బతుకు ఒకరు అలవాటు చేసుకునే రోజులన్నీ ఒక్క పాటలో గబగబా దాటించేశారు. ఆ అమ్మాయి ఒంట్లో ఉన్నన్నాళ్ళూ ఆ అబ్బాయికి ఏం తెలిసొచ్చింది? ఆడపిల్లగా తల దువ్వుకుని బడికెళ్ళి రావడం ఎలా ఉంది? నాకు కావలసింది అదీ!

"పాజ్ చేసుకోవచ్చుగా అమ్మా" అంది మా అమ్మాయి తర్వాత. చేశాను. ఆపితే సగం తెరిచిన నోరు, సగం లేచిన చెయ్యి. కదలడానికి గీసిన బొమ్మ అది. పుస్తకంలో బొమ్మ అలా కాదు, ఆగి చూడటానికే గీస్తారు. పొయ్యి మీద పాలు పొంగితే వెళ్ళొచ్చినా అది అక్కడే, అలాగే ఉంటుంది. పైగా కుడి నుంచి ఎడమకి చదవాలి. మొదటి పది పేజీలు తికమకపడ్డాను, తర్వాత చెయ్యే అలవాటు పడింది.

మా నరసరావుపేట వైపు వాళ్ళకి ఒక మాట చెప్తే తేలిగ్గా అర్థమవుతుంది. శివరాత్రి నాడు కోటప్పకొండ వెళ్ళారా? విద్యుత్ ప్రభలు ఆకాశానికి అంటుతూ, మైకులు, డప్పులు, వెనక జనం నెడుతుంటే మనం నడిచామో మోశారో తెలియదు. ఒళ్ళు పులకరిస్తుంది. సినిమా అది. ఏ కార్తీకమూ కాని ఉత్త బుధవారం మెట్ల దారిన ఎక్కండి. కూర్చున్నచోట కూర్చోవచ్చు. కోతుల్ని తిట్టుకోవచ్చు. గొల్లభామ గుడి దగ్గర ఆగి, నిండు నెలల్తో ఆ తల్లి ఎలా ఎక్కిందో అని ఆలోచించొచ్చు. పెళ్ళయిన పదిహేనేళ్ళు తిరునాళ్ళకే వెళ్ళాను, ఆ ఆలోచన ఒక్కసారీ రాలేదు.

అలాగని పుస్తకమే గొప్ప అనను. కొండ మీద ఆ ఇద్దరూ కలిసేది అసుర సంధ్య వేళ. పగలూ రాత్రీ కాని ఆ కాసేపట్లో మనిషి రూపు మసకబారుతుంది కాబట్టే ఈ లోకం వాళ్ళూ ఆ లోకం వాళ్ళూ ఎదురుపడగలరు. ఆ నారింజ వెలుగు క్షణక్షణానికీ తగ్గిపోతుంటే మనకే గాభరా పుడుతుంది. నలుపు తెలుపు పుస్తకానికి అది చేతకాలేదు. ఆ ఒక్కచోట నేను పుస్తకం మూసి మళ్ళీ సినిమా పెట్టుకున్నాను. మిగతా అంతా పుస్తకానికే నా ఓటు.

ముఖ్యంగా వాళ్ళ అమ్మమ్మ కోసం. రంగు దారాలతో తాళ్ళు అల్లుతూ ఉంటుందావిడ. దారాలు ముడిపడటం, మనుషులు కలవడం, కాలం సాగడం అన్నీ ఒకటేనంటుంది. కొండ మీది దేవుడి దగ్గరికి వెళ్ళేటప్పుడు ముసలావిణ్ణి మనవరాలు వీపున ఎక్కించుకుంటుంది. (నిజానికి లోపల ఉన్నది ఆ అబ్బాయి.) సినిమాలో ఆ సంగతి నా కంటికే ఆనలేదు.

పరీక్షలయ్యాక పుస్తకాలు తిరిగిచ్చి, "చదివాను" అని ఒప్పుకున్నాను. అది నవ్వి ఊరుకుంది. ఆ సాయంత్రం మా అత్తయ్య వచ్చి పక్కన కూర్చుంది. ఆవిడకి ఇంగ్లీషు రాదు, టీవీలో సినిమా పెడితే పది నిమిషాల్లో లేచిపోతుంది. మోకాళ్ళ నొప్పులతో మెట్ల దారి మానేసి నాలుగేళ్ళయింది, ఇప్పుడు ఘాట్ రోడ్డులోనే. వీపున మోసే బొమ్మ మీద వేలు పెట్టి, "ఎవురే ఈ ముసల్ది?" అంది.

మా అమ్మాయి చెప్పడం మొదలుపెట్టింది. బొమ్మ చూపించి, ఆగి, ఆవిడ అడిగినదానికి జవాబు చెప్పి, పేజీ తిప్పి. గంటకు పైనే పట్టింది. (చూడబోయేవాళ్ళు ఇక్కడితో ఆపేయండి, చివర చెప్పేస్తున్నా.) ఆఖర్న ఆ ఇద్దరూ ఒకరి పేరు ఒకరికి గుర్తులేకుండా మెట్ల దారిలో ఎదురుపడి, దాటిపోయి, వెనక్కి తిరుగుతారు.

"తిరిగితే ఏం కాలేదా?" అంది అత్తయ్య.

"కాలేదు నానమ్మా. తిరిగాకే మాట్లాడుకున్నారు."

"మన గొల్లభామ తిరిగి చూస్తే సామి ఉన్నచోటే ఆగిపాయె. వెనక్కి చూడొద్దన్నాడు గదా. పెద్ద చప్పుడు వినపడితే ఎట్టా చూడకుండా ఉంటది, కడుపుతో ఉన్న మనిషి?"

ఆ కథ ఆవిడ నోట నేను ఎన్నోసార్లు విన్నాను. గొల్లభామ పక్షాన మాట్లాడటం మాత్రం అదే మొదటిసారి. మా అమ్మాయి పుస్తకం మూయబోతుంటే అత్తయ్య చెయ్యి అడ్డం పెట్టింది.

"ఉండవే. ఆ మెట్లకాడికి మళ్ళీ తిప్పు."