రేవు లేని దేశాలకు దారి మూయొద్దు

2023 జులై 26న నైజర్‌లో సైనికులు అధ్యక్షుడు మహమ్మద్ బజూమ్‌ను నిర్బంధించి గద్దెనెక్కారు. నాలుగు రోజుల్లోనే పశ్చిమాఫ్రికా దేశాల కూటమి ఎకోవాస్ ఆంక్షలు ప్రకటించింది. సరిహద్దులు మూతపడ్డాయి. బెనిన్‌లోని కొటోనూ రేవు నుంచి రావలసిన సరుకుల లారీలు అవతలే బారులు తీరి నిలిచిపోయాయి. అప్పట్లో నైజర్ వాడే కరెంటులో దాదాపు 70 శాతం నైజీరియా నుంచే వచ్చేది. ఆ దేశం సరఫరా ఆపేసింది. ఇంత చేసినా సైనికాధికారులు గద్దె దిగలేదు. బియ్యం ధర పెరిగింది, మందులకు కటకట వచ్చింది, పట్నాలు గంటల తరబడి చీకట్లో మగ్గాయి. 2024 ఫిబ్రవరిలో ఆంక్షలు ఎత్తేసేదాకా శిక్షంతా అనుభవించింది ఏ పాపమూ ఎరగని కూలినాలి జనమే.

ఇదే దెబ్బ ఇప్పుడు మరికొన్ని దేశాల మీద పడుతోంది. అదీ విదేశీ సాయం తెగిపోతున్న వేళ పడుతోంది. ఒకవైపు సరుకు వచ్చే దారి మూసుకుపోయి, మరోవైపు సాయమూ ఆగిపోతే ఆకలిచావులు ఎంతో దూరంలో ఉండవు. ప్రపంచం ఇప్పుడే మేలుకోవాలి.

సముద్రతీరం లేని వర్ధమాన దేశాలు 32 ఉన్నాయని ఐక్యరాజ్యసమితి లెక్క. వాటిలో ముస్లింలు అత్యధికంగా ఉండి, అత్యంత వెనకబడిన దేశాల జాబితాలోకీ ఎక్కినవి ఐదు: నైజర్, మాలి, బుర్కినా ఫాసో, చాద్, అఫ్గానిస్థాన్. ఈ పేదరికాన్ని మతానికి ముడిపెట్టడం తప్పు. కజఖ్‌స్థాన్‌కూ సముద్రం లేదు, అక్కడా ముస్లింలే ఎక్కువ. చమురు సంపద, రైలు మార్గాలు, కుదురైన పాలన ఉన్నాయి కాబట్టి ఆ దేశం నిలదొక్కుకుంది. ఇవన్నీ కలిసిన ఆసరా ఈ ఐదింటికీ లేదు. యుద్ధం, ఎడారి, అప్పు, దూరం కలిసి వీటిని కుంగదీస్తున్నాయి.

దూరమంటే ఎంతో చాద్‌ను చూస్తే తెలుస్తుంది. రాజధాని ఎన్‌జమీనాకు సరుకు రావాలంటే కామెరూన్‌లోని డువాలా రేవులో దిగి, దాదాపు 1,800 కిలోమీటర్లు ప్రయాణించాలి. దారి పొడవునా తనిఖీలు, సుంకాలు, మామూళ్ళు. అమ్మేవాడికి రావలసిన డబ్బూ, కొనేవాడి చేతిలోని డబ్బూ ఆ దారిలోనే కరిగిపోతాయి. తెలంగాణకూ సముద్రం లేదు. అయినా కాకినాడ, కృష్ణపట్నం, ముంబయి రేవుల నుంచి సరుకు నేరుగా వస్తుంది. ఒకే దేశం, ఒకే చట్టం కాబట్టి దాన్ని ఆపే అధికారం ఏ పొరుగు రాష్ట్రానికీ లేదు. నైజర్‌లోని నియామీ, మాలిలోని బమాకో, అఫ్గానిస్థాన్‌లోని కాబూల్ వాసులకు ఆ భరోసా లేదు. వాళ్ళ వంటింటికి వేసిన తాళంచెవి పొరుగు దేశం జేబులో ఉంది.

ఆ తాళం ప్రభుత్వాలే వేయనక్కర్లేదు. 2025 సెప్టెంబరు నుంచి అల్ ఖైదా అనుబంధ ముఠా జేఎన్ఐఎం మాలికి ఇంధనం చేరకుండా అడ్డుకుంది. సెనెగల్, ఐవరీ కోస్ట్ రేవుల నుంచి వచ్చే ట్యాంకర్లను రోడ్డు మీదే తగలబెట్టింది. బమాకోలో బంకుల ముందు జనం రోజుల తరబడి పడిగాపులు కాశారు. అక్టోబరు చివర్లో దేశమంతటా బడులు, కళాశాలలు రెండు వారాలు మూసేశారు. రెండుమూడు రోడ్ల మీదే బతుకుతున్న దేశాన్ని ముట్టడించడానికి పెద్ద సైన్యాలు అక్కర్లేదని అది రుజువు చేసింది.

అఫ్గానిస్థాన్‌ది మరీ దయనీయమైన స్థితి. 2021 ఆగస్టులో తాలిబన్లు కాబూల్‌ను పట్టుకునే నాటికి ప్రభుత్వ ఖర్చులో సుమారు నాలుగింట మూడు వంతులు విదేశీ సాయమే. అది రాత్రికి రాత్రి ఆగింది. అమెరికాలో ఉన్న సుమారు 700 కోట్ల డాలర్ల అఫ్గాన్ కేంద్ర బ్యాంకు నిధులు స్తంభించాయి. 2025లో పాకిస్థాన్, ఇరాన్‌ల నుంచి 20 లక్షల మందికి పైగా అఫ్గాన్లు ఇష్టంగానో, బలవంతంగానో తిరిగొచ్చారు. ఆగస్టు 31న కునార్ భూకంపం 2 వేల మందికి పైగా ప్రాణాలు తీసింది. అక్టోబరులో పాకిస్థాన్‌తో ఘర్షణలు చెలరేగి తోర్ఖం, చమన్ సరిహద్దులు మూతపడ్డాయి. సరిగ్గా దానిమ్మ పంట చేతికొచ్చే రోజులవి. రైతు ఏడాది కష్టం లారీల్లోనే ఎండకు ఎండింది.

సరిగ్గా ఇదే సమయంలో దాతలు చేతులు ముడుచుకుంటున్నారు. 2025 జనవరిలో అమెరికా విదేశీ సాయాన్ని నిలిపేసింది. ఆ సాయాన్ని పంచే యూఎస్‌ఎయిడ్ జులై 1 నాటికి మూతపడింది. బ్రిటన్ తన సాయాన్ని 2027 నాటికి జాతీయాదాయంలో 0.3 శాతానికి కుదిస్తానంది. సంపన్న దేశాలు 0.7 శాతం ఇవ్వాలని ఐరాస 1970లోనే తీర్మానించింది. సూడాన్ యుద్ధం నుంచి తప్పించుకుని 2023 ఏప్రిల్ తర్వాత 8 లక్షల మందికి పైగా చాద్‌లోకి వచ్చారు. వాళ్ళకు తన పిడికెడు గింజలే పంచుతున్న దేశం అది. దానికి వెన్నుదన్నుగా నిలవాల్సిన ఆహార సంస్థలు నిధుల్లేక రేషన్లలో కోత పెడుతున్నాయి. సహారా ఎడారికి దిగువనున్న సాహెల్ ప్రాంతంలో జూన్ నుంచి ఆగస్టు దాకా కరువు నెలలు: పాత గింజలు అయిపోయి, కొత్త పంట ఇంకా ఇంటికి రాదు. నిధులు ఆ నెలలకు ముందే చేరాలి. ఆలస్యంగా వచ్చిన గోధుమలు చనిపోయిన బిడ్డను బతికించలేవు.

పాలకుల తప్పులు తక్కువేం కాదు. తాలిబన్లు ఆరో తరగతి దాటిన ఆడపిల్లలకు చదువు లేకుండా చేశారు, స్వచ్ఛంద సంస్థల్లో మహిళల ఉద్యోగాలు నిషేధించారు. ఆంక్షలు ఎత్తేసిన తర్వాత కూడా నైజర్ సైనిక ప్రభుత్వం బెనిన్‌తో సరిహద్దును తానే మూసి ఉంచింది. సరుకులు టోగోలోని లోమే రేవు నుంచి బుర్కినా ఫాసో మీదుగా, ఉగ్రవాదుల దాడుల మధ్య, సైనిక కాపలాతో రావలసి వచ్చింది. ఈ పాలకులను నిలదీయాల్సిందే. వాళ్ళ ఖాతాలు స్తంభింపజేయండి, ప్రయాణాలు ఆపండి, ఆయుధాలు అమ్మకండి. జనం తిండి జోలికి మాత్రం వెళ్ళకండి.

అది సాధ్యమేనని ఎకోవాస్ తానే చూపించింది. 2022 జనవరిలో మాలిపై ఆంక్షలు పెట్టినప్పుడు ఆహారం, మందులు, ఇంధనం, కరెంటుకు మినహాయింపు ఇచ్చింది. ఏడాదిన్నర తర్వాత నైజర్ విషయంలో ఆ వివేకం లోపించింది. భారత్, పాకిస్థాన్‌ల మధ్య ఎన్ని గొడవలున్నా 2022 ఫిబ్రవరిలో మన గోధుమల లారీలు అటారీ సరిహద్దు దాటి పాకిస్థాన్ మీదుగా అఫ్గానిస్థాన్ చేరాయి. మరుసటి ఏడాది ఇరాన్‌లోని చాబహార్ రేవు ద్వారా మళ్ళీ గోధుమలు పంపాం. పోట్లాడుకునే ఇరుగుపొరుగులే దారి ఇవ్వగలిగినప్పుడు మిగతావాళ్ళు ఇవ్వలేమనడం సాకు మాత్రమే.

1982 నాటి ఐరాస సముద్ర చట్ట ఒప్పందం తీరం లేని దేశాలకు సముద్రాన్ని చేరే హక్కునూ, సరుకు రవాణా స్వేచ్ఛనూ గుర్తించింది. కాని ఆ హక్కు ఎలా అమలు కావాలో దారిచ్చే దేశంతో ఒప్పందం చేసుకోవాలని అదే నిబంధన చెబుతుంది. ఒప్పందం చెడితే హక్కు కాగితానికే పరిమితం. 2003లో అల్మటీలో, 2014లో వియన్నాలో, 2025 ఆగస్టులో తుర్క్‌మెనిస్థాన్‌లోని అవాజాలో ఈ దేశాల కోసం మహాసభలు జరిగాయి. పదేళ్ళకో ప్రణాళిక వచ్చింది. సరిహద్దు మూసేవాడిని ఆపే కట్టుబాటు మాత్రం ఇంతవరకూ రాలేదు.

చేయవలసిన పనులు స్పష్టంగానే ఉన్నాయి. ఏ ఆంక్షలు విధించినా ఆహారం, మందులు, ఇంధనం, కరెంటుకు మినహాయింపు తప్పనిసరి అని భద్రతా మండలి, ఆఫ్రికా యూనియన్, ఎకోవాస్ ముందుగానే ప్రకటించాలి. ఏ దేశమూ ఒకే రేవు మీద ఆధారపడకుండా రెండో దారికి ప్రపంచ బ్యాంకు, ఇస్లామిక్ అభివృద్ధి బ్యాంకు పెట్టుబడి పెట్టాలి. అప్పుల విషయంలో జాప్యం మానాలి: చాద్ 2021 జనవరిలో అప్పు సర్దుబాటు కోరితే, ఒప్పందం కుదిరేసరికి 2022 నవంబరు అయింది. అన్నిటికీ మించి, 57 దేశాల ఇస్లామిక్ సహకార సంస్థ మాటలు దాటి ముందుకు రావాలి. సౌదీ అరేబియా, యూఏఈ, ఖతార్, కువైట్‌ల వద్ద సంపదకు కొదవ లేదు. పాశ్చాత్య దేశాలు వదిలేసిన లోటును అవి తక్షణం భర్తీ చేయగలవు.

మన ప్రభుత్వానికీ ఇందులో బాధ్యత ఉంది. మన పులిహోరలో పడే ఇంగువకు ముడిసరుకు ఎక్కువగా అఫ్గానిస్థాన్ నుంచే వస్తుంది. హైదరాబాద్ బేగంబజార్‌లో అమ్మే అంజీరా చాలావరకు అఫ్గాన్ రైతు పండించిందే. చాబహార్ దారిని ఎవరి ఒత్తిడి వచ్చినా న్యూఢిల్లీ వదులుకోకూడదు. గోధుమలు, మందులు పంపడం ఆపకూడదు. మన గోదాముల్లో ధాన్యం నిండుగా ఉంది.

ఓడరేవు లేకపోవడం ఏ దేశమూ చేసిన నేరం కాదు. ఆ లోటును ఆయుధంగా వాడుకోవడం మాత్రం నేరమే. వచ్చే కరువు నెలల్లోపు సరిహద్దులు తెరవండి, నిధులు పంపండి. ఆ తర్వాత తెలియదని చెప్పే హక్కు ఎవరికీ ఉండదు.