ప్రపంచకప్‌లో ఓకే.. ఫ్రాన్స్‌లో నో! హిజాబ్‌పై ఫుట్‌బాల్‌లో రెండు రూల్స్

2023 జులై 30న మొరాకో డిఫెండర్ నౌహైలా బెంజినా హిజాబ్‌తో మైదానంలోకి దిగారు. సీనియర్ మహిళల ప్రపంచకప్ మ్యాచ్‌లో హిజాబ్‌తో ఆడిన తొలి క్రీడాకారిణి ఆమే. ఆ మ్యాచ్‌లో దక్షిణ కొరియాపై మొరాకో 1-0తో గెలిచింది.

సుమారు నెల ముందు, జూన్ 29న ఫ్రాన్స్‌లో సీన్ వేరు. మ్యాచ్‌లలో మతచిహ్నాలు కనిపించకూడదన్న ఫ్రెంచ్ ఫుట్‌బాల్ సమాఖ్య నిబంధన సబబేనని ఆ దేశ అత్యున్నత పాలనా న్యాయస్థానం తేల్చింది. మ్యాచ్‌లు సాఫీగా సాగాలన్నా, ఘర్షణలు రాకూడదన్నా సమాఖ్య ఇలాంటి నిషేధం పెట్టొచ్చని చెప్పింది. కోర్టుకెక్కిన ‘హిజాబ్యూజ్’ బృందం అమ్మాయిలకు నిరాశే మిగిలింది.

తలకప్పుకు 2014లోనే పచ్చజెండా ఊపారు. అంతర్జాతీయంగా ఒప్పుకున్నది ఫ్రాన్స్ లోకల్ మ్యాచ్‌కు మాత్రం ఎలా ముప్పవుతుంది? గొడవ చేసేవాళ్లను ఆపాలి గానీ, ఆడటానికొచ్చిన పిల్లను బయట కూర్చోబెడితే ఎలా?

అసలు నష్టం ఇక్కడే ఉంది. ప్రొఫెషనల్ ఆటకు దారి చిన్న క్లబ్బుల నుంచే మొదలవుతుంది. అక్కడే తలుపు మూసేస్తే పైకి వచ్చేదెవరు? అందరి ఆట అని బ్యానర్లు కడితే చాలదు, రూల్‌బుక్‌లోనూ అది కనిపించాలి.