అల్లం సోడా పొంగలేదా?

ఈస్టు వేసి ఇంట్లో చేసిన అల్లం సోడా మూత తీస్తే బుస్సుమనలేదా? పారబోయకండి, ముందు ఒక చెంచాడు రుచి చూడండి. తియ్యగా ఉంటే మళ్లీ చక్కెర వేయొద్దు. ఈస్టు చలికి ముడుచుకుంది, అంతే. డిసెంబరులో మన సిద్దిపేటలో ఇడ్లీపిండే పులవదు, ఇదేం పొంగుతుంది! మూత బిగించి, దుప్పటి చుట్టి వంటింట్లో వెచ్చటి మూల నాలుగు రోజులుంచండి. అప్పటికీ కదలకపోతే, కషాయం వేడిగా ఉన్నప్పుడే ఈస్టు కలిపి ఉంటారు; అది చచ్చిపోయింది. గోరువెచ్చని నీళ్లలో చిటికెడు కొత్త ఈస్టు కరిగించి పోయండి.

తీపి లేకుండా చప్పగా ఉందా? మూత సందుల్లోంచి గ్యాస్ పోయినట్టే. మూత మార్చి, లీటరుకు ఒక్క చెంచాడు చక్కెర వేయండి. గుప్పెడు వేశారో, సీసా పేలి పిల్లల కళ్లకే ముప్పు. గాజు సీసాలు వద్దమ్మా, కూల్‌డ్రింక్ ప్లాస్టిక్ సీసాలే మేలు. రోజూ నొక్కి చూడండి, రాయిలా గట్టిపడిన రోజే ఫ్రిజ్‌లో పెట్టేయండి.