చిల్లు సూదిమొనంత, బిల్లు కొండంత

ఎండాకాలంలో ఏసీ బాగుచెయ్యడానికొచ్చిన మనిషి నోట రెండే రెండు మాటలు వినిపిస్తాయి. ఒకటి, "గ్యాస్ అయిపోయింది సార్, నింపాలి". రెండోది, "కాయిల్ పోయింది సార్, మార్చాలి". కాయిల్ అల్యూమినియందైతే ఆ రెండో మాటకి ఒక తోక కూడా ఉంటుంది.. "కాపర్ అయితే ఏదో ఒకటి చేసేవాణ్ణి సార్, అల్యూమినియం అతకదు". మొదటి మాట సగం నిజం. రెండోది చాలాసార్లు అబద్ధం. ఆ తోక మాత్రం పచ్చి అబద్ధం. ఎందుకో చెప్తాను.

ముందు గ్యాస్ సంగతి. ఏసీలో గ్యాస్ అంటే బండిలో పెట్రోలు లాంటిది కాదు, వాడేకొద్దీ అయిపోవడానికి. మూసేసిన గొట్టాల్లో అదే గ్యాస్ తిరుగుతూ ఉంటుంది. గదిలో వేడి తీసుకుంటుంది, బయట వదిలేస్తుంది, మళ్ళీ లోపలికొస్తుంది. తగ్గిందంటే ఎక్కడో కారుతోందనే అర్థం. కారే చోటేదో చూడకుండా ప్రతి ఏప్రిల్లో గ్యాస్ నింపించుకోవడం ఎలాంటిదంటే, మెమరీ లీక్ ఉన్న ప్రోగ్రాముకి రోజూ రాత్రి సర్వర్ రీస్టార్ట్ పెట్టేసి టికెట్ మూసెయ్యడం లాంటిది. కాయిల్ మొత్తం మార్చెయ్యడమంటేనేమో, ఒక్క లైన్లో ఉన్న బగ్గు కోసం మాడ్యూల్ మొత్తం పారేసి, మళ్ళీ రాసి, ఆ బిల్లు క్లయింటు నెత్తిన వెయ్యడం. ఈ రెంటికీ మధ్యలో ఇంకో పని ఉంది. దాన్ని డీబగ్గింగ్ అంటారు. మన ఆఫీసుల్లో ఆ పనికి జీతాలిస్తారు. మన ఇంటి గోడకున్న మిషన్ దగ్గరికొచ్చేసరికి దాని ఊసు ఎవరూ ఎత్తరు!

ఇప్పుడు "అల్యూమినియం అతకదు" అనే మాటకొద్దాం. ఆ మాటన్నవాణ్ణి ఒక్క ప్రశ్న అడగండి చాలు: మరి ఈ కాయిల్ని ఫ్యాక్టరీలో ఎలా అతికించారు నాయనా? పూర్తిగా అల్యూమినియంతో చేసే మైక్రోచానెల్ కాయిళ్ళలో గొట్టాలు, రేకులు, పక్కనుండే పెద్ద పైపు అన్నీ కొలిమిలో 600 డిగ్రీల దగ్గర అతికించినవే. అతికించడానికి వాడేది కూడా అల్యూమినియమే, కొంచెం సిలికాన్ కలిపి. అలా కలిపినది 577 డిగ్రీల దగ్గరే కరగడం మొదలెడుతుంది, అసలు అల్యూమినియం కరగాలంటే 660 డిగ్రీలు కావాలి. ఆ తేడాలోనే పని జరిగిపోతుంది. అంతెందుకు, మీ కారు ఏసీ కండెన్సర్ అల్యూమినియందే. బాలానగర్ వైపు వెళ్తే ఆర్గాన్ వెల్డింగ్ చేసే షాపులుంటాయి. వాళ్ళకి అల్యూమినియం అతకడం రోజూ చేసే పని. అక్కడ అతికే అల్యూమినియం మన బాల్కనీలోకొచ్చేసరికి ఎందుకు అతకదు?

మెకానిక్కులు భయపడటానికి కారణం లేదని మాత్రం అనను. ఉంది. రాగి కరగాలంటే 1085 డిగ్రీలు. దాన్ని అతికే కడ్డీ 700, 800 డిగ్రీల ప్రాంతంలో కరిగిపోతుంది. అంటే చెయ్యి కాస్త అటూ ఇటూ అయినా ఫరవాలేదు. పైగా రాగి వేడెక్కితే ఎర్రబడి, ఇక చాలు అని హెచ్చరిస్తుంది. అల్యూమినియం అలా కాదు. ఎర్రబడదు, చెప్పదు, చెయ్యదు.. ఉన్నట్టుండి జారిపోతుంది. దానికితోడు పైన సన్నటి ఆక్సైడ్ పొర ఒకటి. ఆ పొర కరగాలంటే 2000 డిగ్రీలు దాటాలి. పొర పైన గట్టిగానే ఉంటుంది, లోపల లోహం నీళ్ళైపోయి ఉంటుంది. అతికే కడ్డీ ఆ పొర మీద పూసలా దొర్లిపోతుందే తప్ప అంటుకోదు. రాగి మీద ఇరవయ్యేళ్ళు పనిచేసినవాడు కూడా అల్యూమినియం మీద మొదటిసారి చెయ్యి పెడితే చిన్న చిల్లుని పెద్ద చిల్లు చేస్తాడు.

కానీ దీనికి మందు ఎప్పుడో ఉంది. జింకు, అల్యూమినియం కలిపి చేసిన కడ్డీలు, లోపలే ఫ్లక్స్ ఉన్నవి, 450 డిగ్రీల ప్రాంతంలో కరుగుతాయి. ఫ్లక్స్ ఆ ఆక్సైడ్ పొర సంగతి చూసుకుంటుంది. 200 డిగ్రీల వెసులుబాటు దొరుకుతుంది. మంటని నేరుగా కడ్డీకి చూపించకుండా గొట్టాన్ని చుట్టూ వేడి చేసి, ఆ వేడికే కడ్డీ కరిగేలా చెయ్యాలి. అంతే కిటుకు. మంట పెట్టడం కుదరని చోట చెడిన ముక్క కోసేసి, రింగులు నొక్కి బిగించే జాయింట్లు వెయ్యొచ్చు. మండే గ్యాస్ ఉన్న ఫ్రిజ్‌ల్లో ఇలాంటివి వాడుతూనే ఉన్నారు. కాబట్టి కష్టం అనండి, ఒప్పుకుంటాను. కుదరదు అనకండి.

నా సొంత అనుభవం ఒకటి చెప్తాను. ఇదే రుజువు అనుకోకండి, ఉదాహరణ మాత్రమే. నాలుగేళ్ళ స్ప్లిట్ ఏసీ, ఒకటిన్నర టన్ను. కూలింగ్ తగ్గితే కంపెనీ సర్వీసుకి ఫోన్ చేశాను. వచ్చినాయన ప్రెషర్ చూశాడు, పది నిమిషాల్లో "అవుట్‌డోర్ కాయిల్ పోయింది సార్" అని తేల్చేశాడు. 14,500 రూపాయలు. ఎక్కడ కారుతోంది అని అడిగితే "లోపల ఎక్కడో ఉంది సార్" అన్నాడు. సబ్బునీళ్ళు లేవు, నైట్రోజన్ లేదు, ఏమీ లేవు. స్టాక్ ట్రేస్ చూడకుండా రూట్ కాజ్ రాసేసినట్టు :) తర్వాత ఒక పాత మెకానిక్ భాయ్‌ని పిలిచాను. అరపూట కూర్చున్నాడు. నైట్రోజన్ ఎక్కించి సబ్బు నురగ రాస్తే అల్యూమినియం గొట్టం, రాగి గొట్టం కలిసే చోట బుడగలొచ్చాయి. "చిల్లు దొరికితే సగం పని అయిపోయినట్టే సాబ్" అన్నాడు. గ్యాస్‌తో కలిపి 4,000 తీసుకున్నాడు. రెండు ఎండాకాలాలైంది, బానే నడుస్తోంది.

చిల్లు ఆ చోటే ఎందుకు పడిందనేది కూడా తెలుసుకోవాల్సిందే. రాగి, అల్యూమినియం తగిలే చోట తడి చేరితే అదొక చిన్న బ్యాటరీ అయిపోతుంది. అందులో అరిగిపోయేది అల్యూమినియమే. సముద్రపు ఉప్పుగాలి తగిలితే అల్యూమినియం మీద గుంటలు పడతాయి. కెమికల్ వాష్ పేరుతో కొట్టే ఘాటు ద్రావణాల్లో కాస్టిక్ ఉంటే అది అల్యూమినియాన్ని తినేస్తుంది. రాగి ఏమన్నా అమృతం తాగి పుట్టిందా అంటే అదీ లేదు. ప్లైవుడ్డు జిగురు, క్లీనింగ్ ద్రావణాల నుంచి వచ్చే ఫార్మిక్, ఎసిటిక్ ఆమ్లాల ఆవిరికి రాగి గొట్టాల్లో చీమల పుట్టలా సన్నటి సొరంగాలు పడతాయి. "100 శాతం కాపర్" అని స్టిక్కర్ అంటిస్తే లీకేజీలు రావని ఎవరూ రాసివ్వలేదు.

సరే, రిపేరు చెయ్యకూడని సందర్భాలూ ఉన్నాయి, అవీ చెప్పకపోతే నేనూ ఆ రెండు మాటల మనిషిలాగే అవుతాను. వారంటీ ఉంటే ఇంకొకర్ని చెయ్యి పెట్టనివ్వకండి, కొత్త కాయిల్ వేయించుకోండి, అది మీ హక్కు. వైజాగ్‌లోనో కాకినాడలోనో ఉప్పుగాలికి కాయిల్ అంతా గుంటలు పడిపోయి ఉంటే ఒక చిల్లు మూసినా పక్కనే ఇంకోటి లేస్తుంది, మార్చెయ్యండి. రేకుల మధ్య లోపలి వరసల్లో, చెయ్యి దూరని చోట చిల్లుంటే వదిలెయ్యండి. సరిగ్గా రిపేరు చేశాక కూడా అదే కాయిల్ మూడోసారి కారితే దానికి దణ్ణం పెట్టెయ్యండి. నేననేది ఒకటే. మార్చాలా వద్దా అనేది చిల్లు దొరికాక తేల్చాలి, దొరక్కముందు కాదు.

మరి ఎందుకు వెతకరు? వెతకడానికి గంటలు పడుతుంది, మార్చడానికి ఆలోచనక్కర్లేదు కాబట్టి. రోజుకి ఇన్ని కాల్స్ అని లెక్క పెట్టి తరిమే చోట ఏ కుర్రాడు అరపూట ఒక చిల్లు కోసం కూర్చుంటాడు? కూర్చుంటే వాడి లెక్క పడిపోతుంది. కాయిల్ అమ్మితే పైవాళ్ళకి పార్టు అమ్మిన లాభం. గ్యాస్ నింపితే వచ్చే ఏడు మళ్ళీ పిలుపు. చిల్లు మూస్తే ఎవరికి లాభం? మీకు తప్ప ఇంకెవరికీ లేదు! ఆ కుర్రాణ్ణి తిట్టి ఏం లాభం, వాడికి చేతిలో పెట్టిన కొలబద్దే అలాంటిది. క్లోజ్ చేసిన టికెట్ల సంఖ్యతో మనిషిని కొలిస్తే ఏమవుతుందో మనకంటే బాగా ఎవరికి తెలుసు? పైగా మనవాళ్ళు కూడా తక్కువేం తినలేదు. అరగంటలో అయిపోవాలి, మధ్యాహ్నం కాల్ ఉంది, ఆలస్యమైతే ఒక్క స్టారు. వెతికేవాడికి ఒక్క స్టారూ, మార్చేసి పోయేవాడికి అయిదూ ఇస్తే మిగిలేది మార్చేవాళ్ళే.

ఇలా పదేళ్ళు గడిస్తే పోయేది మన 10,000 రూపాయలు మాత్రమే కాదు. చిల్లు వెతకడం తెలిసిన మనిషి పోతాడు. ఐటీఐలో ఈ ట్రేడు చదివి, టార్చ్ పట్టుకోవడం నేర్చుకుని వచ్చినవాడు చివరికి డబ్బా విప్పి డబ్బా బిగించే కూలీగా మిగులుతాడు. అప్పుడు మీరు కోరి డబ్బులిస్తానన్నా బాగుచేసేవాడు దొరకడు. ఆరోజు "అల్యూమినియం అతకదు" అనేది నిజమైపోతుంది. లోహం వల్ల కాదు, చేతులు లేక.

ఇక గాలి సంగతి. ఇప్పటి ఏసీల్లో ఎక్కువగా ఉండే ఆర్-32 గ్యాస్, బరువుకి బరువు చూస్తే, వందేళ్ళ లెక్కన కార్బన్ డయాక్సైడ్ కంటే 675 రెట్లు భూమిని వేడెక్కిస్తుంది. దాని ముందుదైన ఆర్-410ఎ అయితే 2088 రెట్లు. 800 గ్రాముల ఆర్-32 గాల్లో కలిస్తే 540 కిలోల కార్బన్ డయాక్సైడ్ వదిలినట్టు. ఏటా కారబెట్టి ఏటా నింపితే మూడేళ్ళలో ఒకటిన్నర టన్ను దాటిపోతుంది. కిగాలీ ఒప్పందాన్ని మన దేశం 2021లో ధ్రువీకరించింది. 2028 నుంచి ఈ గ్యాసుల వాడకం పెరగనివ్వకూడదు, 2047కి 85 శాతం తగ్గించాలి. అంటే గ్యాస్ చవగ్గా దొరికే రోజులు శాశ్వతం కాదు. ఇక కాయిల్ మార్చడం చూస్తే, ఖనిజం నుంచి కిలో అల్యూమినియం తియ్యడానికి 14 యూనిట్ల దాకా కరెంటు కావాలి. సూదిమొనంత చిల్లు కోసం కిలోలకి కిలోలు లోహం కరిగిస్తున్నాం.

అమెరికాలో ఉన్న మనవాళ్ళకి ఇంకో చిక్కు. అక్కడ ఇళ్ళకి వాడే ఆర్-410ఎ ఏసీల తయారీ 2025 జనవరి 1 నుంచి ఆపేశారు. పాత మిషన్లు వాడుకోవచ్చు, వాటికి పార్టులూ అమ్మొచ్చు. కానీ అటకమీద కాయిల్ కారిందనగానే "ఇది పాత గ్యాసు, సిస్టమ్ మొత్తం మార్చాలి" అని చెప్పడానికి అమ్మేవాడికి మంచి సాకు దొరికింది. చిల్లు ఎక్కడుందో చూపించమని అక్కడా అడగాల్సిందే.

ప్రభుత్వం ఏం చేస్తోంది అంటారా? 2022 డిసెంబరులో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ రైట్ టు రిపేర్ పోర్టల్ మొదలుపెట్టింది. సంతోషం. కానీ పోర్టల్ అంటే చట్టం కాదు కదా. 2025 సెప్టెంబరు 22 నుంచి కొత్త ఏసీల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది. అదీ సంతోషమే. రిపేరు బిల్లు మీద మాత్రం అదే 18. కొత్తది కొనేవాడికిచ్చిన ఊరట పాతది కాపాడుకునేవాడికి ఇవ్వకూడదా?

వాళ్ళు చేసేదాకా మనం చెయ్యగలిగింది ఉంది. ఈసారి కాయిల్ మార్చాలన్నప్పుడు ఇవి అడగండి:

1. చిల్లు ఎక్కడుందో చూపించు. నైట్రోజన్ ప్రెషర్, సబ్బు నురగ, బుడగ కంటితో చూడాలి. నైట్రోజన్ బదులు ఆక్సిజన్ ఎక్కిస్తానంటే వెంటనే ఆపెయ్యండి. లోపలున్న ఆయిల్‌తో కలిస్తే పేలుతుంది.

2. మంట పెట్టేముందు గ్యాస్ పూర్తిగా సిలిండర్లోకి తీసెయ్యాలి, గదిలోకో గాల్లోకో వదలకూడదు. ఆర్-32 అంటుకునే గుణమున్నది, మంటలో విషవాయువు కూడా పుడుతుంది.

3. అతికాక ఫ్లక్స్ కడగాలి, ఆరాక పైన పూత వెయ్యాలి. కొన్ని ఫ్లక్సులు వదిలేస్తే మళ్ళీ అవే తినేస్తాయి. జింకు అతుకు మీద తడి నిలవకూడదు.

4. మళ్ళీ ప్రెషర్ టెస్ట్, తర్వాత వాక్యూమ్, తర్వాత తూకం వేసి గ్యాస్. "అందాజాగా" నింపడం కుదరదు. ఎన్ని గ్రాములో అవుట్‌డోర్ యూనిట్ స్టిక్కర్ మీదే రాసుంటుంది.

ఈ నాలుగూ చేసేవాడు దొరికితే బేరమాడకండి. అరపూట పనికి అరపూట కూలి ఇవ్వండి, నంబరు దాచుకోండి, అపార్ట్‌మెంట్ గ్రూపులో చెప్పండి. రోజంతా వేరేవాళ్ళ కోడ్‌లో చిల్లులు వెతికి బతికే మనకి, చిల్లు వెతికే మనిషి విలువ ఇంకొకరు చెప్పాలా?