గట్టి స్ప్రింగూ, వట్టి గొప్పా

మొన్న సంక్రాంతికి మా మేనల్లుడు పామూరు వచ్చాడు. ఊరికే రాలేదు. ఒక పాత బులెట్టు మోటారుసైకిలెక్కి, సంచిలో నాలుగు స్ప్రింగులు వేసుకుని మరీ వచ్చాడు. వచ్చీ రావడంతోనే అరిసెల పళ్ళెం పక్కకు నెట్టి, ఆ నాలుగింటినీ బల్లమీద బారుగా నిలబెట్టి, “మామా, వీటికంటే గట్టి స్ప్రింగులు బజార్లో లేవు, తెలుసా?” అన్నాడు.

వాడి మూడు నెలల పొదుపు వాటికే పోయిందట. వాటికి తోడు కొత్త క్యామ్ ఒకటి కొన్నాడు. శ్రీపెరుంబుదూరు దగ్గరి రేసు బాట మీద ఆ బండిని పరుగెత్తించాలని వాడి కోరిక.

వంటింట్లోంచి మా చెల్లెలు తొంగిచూసి, “అన్నయ్యా, వాడికి నువ్వే చెప్పాలి. స్ప్రింగుల సంగతి నీకంటే ఎవరికి బాగా తెలుసు?” అంది. అది మెచ్చుకోలని మీరు పొరపాటు పడకండి. అది నలభై ఏళ్ళనాటి చురక. ఆ కథ కాసేపాగి మనవి చేస్తాను.

యంత్రాల జోలికి పోని చదువరుల కోసం ముందు నాలుగు ముక్కలు. బులెట్టు ఇంజను సిలిండరుకు రెండు తలుపులుంటాయి. వాటినే వాల్వులంటారు. ఒకదాంట్లోంచి పెట్రోలు కలిసిన గాలి లోపలికి వస్తుంది, రెండోదాంట్లోంచి పొగ బయటికి పోతుంది. తలుపు తెరిచేది క్యామ్ అనే ఉబ్బెత్తు ఇనుపముక్క. మూసేది స్ప్రింగు. క్యామ్‌కు తొయ్యడమే వచ్చు, వెనక్కి లాగడం రాదు. అంచేత, క్యామ్ ఉబ్బు తగ్గుతూ వుంటే వాల్వును దాని వెన్నంటే తీసుకురావలసిన భారమంతా స్ప్రింగు మీదే.

ఇంజను నిమిషానికి 6,000 చుట్లు తిరుగుతుంటే ఒక్కో తలుపు 3,000 సార్లు తెరుచుకుని మూసుకోవాలి. అంటే సెకనుకు 50 సార్లు! ఆ వేగానికి స్ప్రింగు అందుకోలేకపోతే వాల్వు క్యామ్‌ను వదిలి గాలిలో తేలుతుంది. బండి అక్కడికి చతికిలబడుతుంది. ఖర్మ చాలకపోతే పిస్టను పైకి వచ్చి ఇంకా మూసుకోని వాల్వును ఢీకొంటుంది. పైగా వేగం ఒకింత పెరిగితే స్ప్రింగు భారం అంతకు మించి పెరుగుతుంది. 5,000 నుంచి 6,000కు పోతే వేగం పెరిగేది అయిదోవంతే. కావలసిన బలం మాత్రం దాదాపు ఒకటిన్నర రెట్లు.

“అందుకే గదా మామా గట్టివి తెచ్చింది!” అన్నాడు మావాడు.

సరిగ్గా ఆ మాటే 1984లో నేనూ అనుకున్నాను.

అప్పట్లో నా దగ్గరా ఒక బులెట్టు వుండేది. జోరు మీద పోతుంటే ఇంజను తడబడేది. స్ప్రింగులు మెత్తబడ్డాయని ఎవరో అన్నారు. ఒక కొట్లో దొరికిన గట్టివి తెచ్చి, అవీ చాలవేమోనని అడుగున రెండేసి వాషర్లు వేసి నేనే బిగించాను. కొలత లేదు, పాడూ లేదు. బండి బ్రహ్మాండంగా లేచింది! మూడోనాడు మా చెల్లెల్ని ఎక్కించుకుని కనిగిరి బయలుదేరాను. ఆ రోజు దానికి ఇంటర్మీడియట్ పరీక్ష. బస్సు వుంది, దాంట్లో పోతానంది పాపం. “బస్సెందుకు, నా బండి చూడు!” అని నేనే బలవంతాన ఎక్కించాను.

సగం దారిలో టప్పుమని చప్పుడు. బండి ఆగిపోయింది. విప్పి చూస్తే ఒక స్ప్రింగు రెండు ముక్కలై, పుష్‌రాడ్ విల్లులా వంగి వుంది. మరో బండి దొరికి కనిగిరి చేరేసరికి పిల్లలు హాల్లోంచి బయటికి వస్తున్నారు. ఒక పరీక్ష పోయినందుకు ఆ ఏడు చదువు ఆగింది. మరుసటేడు పెళ్ళి కుదిరింది. చదువు అక్కడితో సరి. ఆనాడు అది నన్ను ఒక్క మాట అనలేదు. ఇదిగో, అప్పుడప్పుడు ఇట్లాంటి చురక మాత్రం వేస్తుంది.

ఈ కథ మావాడికి చెప్పి, మర్నాడు ఇద్దరం బస్టాండు దగ్గరి మేస్త్రీ షెడ్డుకు వెళ్ళాం. మేస్త్రీ స్ప్రింగుల్ని చేత్తో నొక్కి చూసి నవ్వాడు. “అబ్బయా, గట్టిదా కాదా అని తర్వాత చూద్దాం. ముందు దీనికి చోటెంతుందో చూడాల” అన్నాడు.

కొత్త క్యామ్ వాల్వును 9 మిల్లీమీటర్లు తెరుస్తుంది. స్ప్రింగు లేకుండా వాల్వును మూసిపెట్టి, అడుగు కప్పు నుంచి పై కప్పు దాకా వర్నియరుతో కొలిచాడు. 38 వచ్చింది. అందులో 9 పోతే, వాల్వు పూర్తిగా తెరుచుకున్నప్పుడు స్ప్రింగుకు మిగిలే ఎత్తు 29. ఇక మావాడి స్ప్రింగును చుట్టూ చుట్టూ అంటుకునేదాకా వైసులో బిగించి కొలిస్తే 28.6. అంటే మిగిలింది అర మిల్లీమీటరు కూడా లేదు! వేగం మీద చుట్లు ఒకదాన్నొకటి గుద్దుకోకుండా వుండాలంటే కనీసం ఒకటి, ఒకటిన్నర మిల్లీమీటర్ల సందు వుండాలి. నేను ఆనాడు వాషర్లు వేసి మింగేసింది ఆ సందునే.

పై కప్పు కిందికి దిగినప్పుడు వాల్వు గైడు తలకు తగులుతుందేమో, అదీ చూశాడు. అక్కడా అంతే సందు కావాలన్నాడు.

తర్వాత పక్కనున్న ఎరువుల కొట్లోంచి కాటా తెప్పించాడు. స్ప్రింగును దానిమీద నిలబెట్టి, డ్రిల్లింగు మిషనుతో పైనుంచి నొక్కుతూ ఏ ఎత్తులో ఎన్ని కిలోలో చదివాడు. 38 దగ్గర 42 కిలోలు. 29 దగ్గర 80. “ఇంత బరువు సెకనుకు యాభై మార్లు క్యామ్ మీద రుద్దితే అది ఎన్నాళ్ళుంటది? పుష్‌రాడ్ వంగతది, మళ్ళీ నిక్కతది. అదీ ఒక స్ప్రింగే గదా! వాల్వును అదే ఎగరేస్తది” అన్నాడు. గట్టి స్ప్రింగు వల్ల తగ్గుతుందనుకున్న రోగం వేరే దారిన వచ్చిందన్నమాట.

అతను ఎంచిన జత వేరు. మూసినప్పుడు 30 కిలోలు, మిల్లీమీటరుకు 3 చొప్పున పెరిగి తెరిచినప్పుడు 57. సందు ఒకటిన్నర. ఆ క్యామ్‌కూ, మావాడు తిప్పదలచిన వేగానికీ అది చాలునన్నాడు. ఇవి మా బండి అంకెలే సుమండీ. ఒక్కో ఇంజనుకు ఒక్కో లెక్క.

జతలో ఒక స్ప్రింగు కుడివైపు, ఒకటి ఎడమవైపు చుట్టి వుంటాయి. లేకపోతే లోపలిది బయటిదాని చుట్ల మధ్య ఇరుక్కుంటుంది. బావి చేంతాడును ఒక్కసారి విదిలిస్తే అల కిందిదాకా పోతుంది చూశారూ, స్ప్రింగులోనూ అట్లాంటి అలలే పుడతాయి. జతలో ఒకదాని వణుకును రెండోది అదుపు చేస్తుంది. స్ప్రింగును పట్టుకారుతో పట్టుకోబోతే మేస్త్రీ మావాడి చేతిమీద ఒకటి వేశాడు. పైన చిన్న గీత పడినా పగులు అక్కడే మొదలవుతుందట. కొత్త క్యామ్ తొలిసారి తిరిగేటప్పుడు లోపలి స్ప్రింగులు తీసి వుంచి, క్యామ్ నున్నబడ్డాక బిగించాడు.

ఈ గొడవ మనదొక్కరిదే కాదు. స్ప్రింగును ఎంత లాగితే అంత బలంతో ఎదురు లాగుతుందని రాబర్ట్ హుక్ 1678లో అచ్చువేసి చెప్పాడు. మన బులెట్టు 1955 నుంచి మద్రాసులో తయారైంది. దానికి ఉత్తరాన, మన నెల్లూరు నుంచి పోయే దారిలోనే, షోలవరం పాత విమానాల బాట మీద ఏళ్ళ తరబడి పందాలు జరిగాయి. ఇటలీలో డుకాటీవారి తాగ్లియోని 1956లో అసలు స్ప్రింగుతో పనిలేకుండా వాల్వును మూయడానికీ ఒక క్యామే పెట్టాడు. 1986లో రెనోవారు రేసుకార్లలో స్ప్రింగు బదులు గాలి నింపారు. స్ప్రింగును గట్టిచేస్తూ పోతే ఎక్కడో ఒకచోట ఆగక తప్పదని తెలిసే వాళ్ళు వేరే దారి వెతికారు.

గట్టి స్ప్రింగుల్ని మావాడు గుడ్డలో చుట్టి సంచిలో వేసుకున్నాడు. మూడు నెలల పొదుపు గదా, ముఖం చిన్నబోయింది. నేను మాట్లాడలేదు. వేగం మీద స్ప్రింగు విరిగి, వాల్వు సిలిండరులోకి జారి, వెనక చక్రం బిగుసుకుపోతే ఎక్కినవాడేమవుతాడో మేస్త్రీ అప్పటికే చెప్పాడు.

సాయంత్రం ఇంటికి చేరి, బండి దిగీ దిగకముందే మా చెల్లెలు గుమ్మంలోకి వచ్చింది. “కొలిచే బిగించారా?” అంది. మావాడు జేబులోంచి మేస్త్రీ అంకెలేసిన కాగితం తీసి ఇచ్చాడు. అది కళ్ళజోడు పెట్టుకుని ఒక్కో అంకే నిదానంగా చదివింది. ముప్ఫై ఎనిమిదిలో తొమ్మిది తీసి చూసుకుంది.

“లెక్క సరిగానే వుంది” అని కాగితం మడిచి వాడికిచ్చి, నావైపు చూడకుండానే లోపలికి వెళ్ళింది.